మూడు... కాదులెండి, అయిదు

మనుషుల సంతృప్తిని కొలిచే ఉద్యోగం నాది. బట్ట కొలవడానికి టేపు ఉంది, పాలు కొలవడానికి గిన్నె ఉంది. నా చేతికి మాత్రం ఒకటి నుంచి అయిదు దాకా అంకెలిచ్చారు. ఎంత అంకెకు రాని మనిషైనా నా దగ్గర ఆ అయిదింటిలో ఏదో ఒక అంకెకు రావలసిందే.

పనిచేసేది రొమ్ముల్లో ఇంప్లాంట్లు అమర్చే క్లినిక్‌లో. మా ఆయన నలుగురిలో ఆ మాట అనలేక "ఆస్పత్రిలో ఫోన్లు చూస్తుంది" అంటాడు, నేనేదో ఫోన్లకి వైద్యం చేస్తున్నట్టు. ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగమే అక్కా నీది అని మా చెల్లెలు దెప్పితే, "మా దగ్గర దొరికేదే ఎదుగూ బొదుగూ, కావాలంటే నీకూ రాయిస్తా" అని నోరు మూయించాను. మా ఇంట్లో ఎవరైనా నోరు విప్పితే మూయించే బాధ్యత మొదటినుంచీ నాదే.

పదేళ్ళ కిందట మా డాక్టరమ్మ ఒక లెక్క మొదలుపెట్టింది. ఆపరేషన్ చేయించుకున్న అరవై ఒక్కమందిని ఏడాదికోసారి పలకరించాలి. పన్నెండు ప్రశ్నలు. బట్టల్లో ఎలా ఉన్నాయి, అద్దంలో ఎలా ఉన్నాయి, పడుకున్నప్పుడు ఎలా ఉన్నాయి, ఒంట్లో భాగంలాగే అనిపిస్తున్నాయా, ఇలాంటివి. మొదటి ఆరేళ్ళు కాగితాలు పోస్టులో వెళ్ళి పోస్టులో వచ్చేవి. ఏడో ఏడు నుంచి ఫోను. పేర్లు పలకకూడదు, నంబర్లే. ఏ జవాబు వచ్చినా "సరేనండి, తరవాతది" అనాలి తప్ప ఇంకో మాట అనకూడదు. నాలాంటి వాగుడుకాయకి అది శిక్ష.

ఇంకో రెండు నియమాలున్నాయి. కాగితం అంచులో ఎవరేం రాసినా ఎక్కించకూడదు. అంచులో రాసింది అంచనాకి రాదని నేనే ఒక సూత్రం కట్టి గోడకి అంటించాను. రెండోది, మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోతే ఆ మనిషి కిందటేడు చెప్పిన జవాబులే ఈ ఏడూ వేసెయ్యాలి. దీన్ని పెట్టింది మా లెక్కల నిపుణుడు. ఆయన నోటివెంట రోజుకి నలభైసార్లు సగటు అనే మాట వస్తుంది కనక ఆయన్ని అందరం సగటాయన అంటాం. "గడి ఖాళీగా ఉండకూడదమ్మా. నిన్న తృప్తిగా ఉన్న మనిషి ఇవాళా తృప్తిగానే ఉందనుకోవడం మర్యాద" అంటాడు. అలా పదకొండుమందిని మర్యాదగా ముందుకి తోసుకొస్తున్నాం. కాఫీ తాగుతూ కాపీ చెయ్యడమే కనక నాకూ హాయిగానే ఉండేది.

ఫోను గదిలో నేనూ, ఒక కంప్యూటరూ, ఒక గాజు బీరువా ఉంటాం. లైనులో అంకె వినపడితే చాలు, కంప్యూటరు దానంతటదే గడిలో వేసుకుంటుంది. అన్నది ఎవరన్నది దానికి పట్టదు. ఒకసారి నేను తలుపు దగ్గరున్న సిస్టరుతో "రెండు నిమిషాల్లో వస్తా" అన్నందుకు ఎవరో మహాతల్లి సంతృప్తి అమాంతం రెండుకి పడిపోయింది. మళ్ళీ పైకి లేపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గాజు బీరువాలో నమూనా ఇంప్లాంట్లు వరసగా ఉంటాయి, నీళ్ళలా తేటగా, గుండ్రంగా. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి పడి గోడమీద గుండ్రటి వెలుగులు వణుకుతాయి. ఒకదాన్ని నేను కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకుంటాను. చేతిలోకి తీసుకుంటే మొదట చల్లగా ఉంటుంది. కాసేపటికి చేతి వేడి దానికి ఎక్కుతుంది. బల్లమీద పెట్టేశాక కూడా చాలాసేపు ఆ వేడి వదలదు.

ఆ అరవై ఒక్కమందిలో పదిహేడో నంబరు నేనే.

ముప్ఫై తొమ్మిదో ఏట చేయించుకున్నాను. ఎద ఎదగలేదని చిన్నప్పటినుంచీ ఉన్న దిగులు, పక్కనే క్లినిక్, ఒప్పుకున్న మొగుడు, ఇంకేం కావాలి. తొమ్మిదేళ్ళు నిజంగానే రొమ్ము విరుచుకుని తిరిగాను. అది అబద్ధం కాదు, ఆ అయిదులన్నీ ఒళ్ళు తెలిసి వేసినవే. కాకపోతే నాకు నేను ఫోన్ చేసుకుంటే ఎంగేజ్ వస్తుంది కాబట్టి, ఏటా నా కాగితం నేనే కిందటేడుది చూసి నింపేసేదాన్ని.

ఈ ఏడు పదకొండు ప్రశ్నలు నింపి తొమ్మిదోది వదిలేశాను. 'ఎడమ, కుడి రెండూ ఒక్కలాగే అనిపిస్తున్నాయా?'

రెండు నెలలుగా ఎడమది నన్ను ఎడంగా పెట్టింది. పొద్దున లేవగానే ఆ వైపుకి ఒరుగుతున్నట్టు ఉండేది. బ్రా హుక్ ఒక గడి వెనక్కి జరిగింది. సంచీ కుడి భుజానికి మార్చాను. ఒకరోజు మా ఆయన తేరిపార చూసి, "ఏంటి, ఒక పక్కకి నడుస్తున్నావ్?" అన్నాడు.

"ఎడమది బరువెక్కలేదు, కుడిది ఉపవాసం ఉంది" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఇంకో రెండు వారాలు గడిపేశాను. డాక్టరమ్మ గది నా గదికి పదడుగుల దూరం. ఆ పదడుగులూ వెయ్యలేదు. వేస్తే ఆవిడ చెయ్యి పెట్టి చూస్తుంది, చూస్తే ఏదో ఒకటి చెబుతుంది. చెప్పనంతసేపూ నాకేమీ లేనట్టే కదా.

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున నలభై ఒకటో నంబరుకి ఫోన్ చేశాను.

"నలభై ఒకటో నంబరేనా అండీ?"

"అవునండి." ముప్ఫై, ముప్ఫై రెండేళ్ళ గొంతు. నెమ్మదిగా, శుభ్రంగా ఉంది.

మొదటి ప్రశ్న సగంలో ఉండగానే "అయిదు" అంది. రెండోదానికి నేను ఊపిరి పీల్చుకునేలోపే "నాలుగు" అంది. ఇంత చురుకైనవాళ్ళు దొరికితే మధ్యాహ్నానికల్లా పని అయిపోతుందని సంబరపడ్డాను. తొమ్మిదోది వచ్చింది.

"మూడు..." చిన్న విరామం. "కాదులెండి, అయిదు."

"సరేనండి, తరవాతది" అన్నాను. అన్నాక చెయ్యి ఆగింది. ఈ మాట నేను ఎక్కడో విన్నాను.

ఫోన్ పెట్టేసి కిందటేడు రికార్డింగ్ తీశాను. అదే గొంతు. "మూడు... కాదులెండి, అయిదు." దానికి ముందటేడుది తీశాను. "మూడు... కాదులెండి, అయిదు." దానికీ ముందటిది. మూడుకీ కాదులెండికీ మధ్య విరామం గడియారం పెట్టి చూశాను. నాలుగేళ్ళలోనూ రెండు సెకన్లు. వెనక ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా అదే. మనిషి ఏడాదికోసారి ఒకే చోట ఒకేలా తడబడి, ఒకేలా సర్దుకుంటుందా?

సగటాయన్ని పిలిచి వినిపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా నిలకడ? ఇలాంటివాళ్ళు అరవై మంది ఉంటే నాకు పనే ఉండదు."

"నాకు భయమేస్తోందండీ."

"సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళని చూసి భయపడకూడదమ్మా" అని తన గదికి వెళ్ళిపోయాడు.

నేను పాత కాగితాల పెట్టె దించాను. నలభై ఒకటి, ఆరో ఏడు, అంటే పోస్టులో వచ్చిన చివరి కాగితం. ఫోనులో విన్న పన్నెండు అంకెలూ వరసగా అందులో ఉన్నాయి. తొమ్మిదో ప్రశ్న దగ్గర మూడు చుట్టి, దాన్ని కొట్టేసి, అయిదు చుట్టి ఉంది. పక్కన అంచులో కాగితం కాస్త గరుకుగా తగిలింది. పెన్సిలుతో ఏదో రాసి రబ్బరుతో తుడిచేశారు. నొక్కి రాసే చెయ్యి అయి ఉండాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుంటే గాట్లు కనిపించాయి.

'ఎడమది బరువుగా ఉంటోంది.'

కాగితం పైన 'ఎక్కించాను' అని ముద్ర. దాని కింద సంతకం నాది.

మధ్యాహ్నం క్లినిక్ ఖాళీ అయింది. గోడమీద గుండ్రటి వెలుగులు ఆడుతున్నాయి. నలభై ఒకటో వరస మళ్ళీ తెరిచి ఫోన్ చేశాను.

"పొద్దున చెప్పేశాను కదండీ" అంది గొంతు.

"చెప్పారు. యంత్రం సరిగా పట్టుకోలేదు. తొమ్మిదోది మళ్ళీ అడుగుతాను. ఎడమ, కుడి రెండూ ఒక్కలాగే అనిపిస్తున్నాయా?"

కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది.

"ఒక్క నిమిషం. తొమ్మిదోది రెండో పేజీలో ఉంది." మళ్ళీ చప్పుడు. "మూడు... కాదులెండి, అయిదు."

"ఇవాళ మీరు ఎలా ఉన్నారండీ?" అన్నాను.

కాగితం ముందుకీ వెనక్కీ తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

"అది ఇందులో లేదే" అంది. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఏళ్ళ గొంతు డెబ్భై దాటిపోయింది.

"మీరెవరండీ?" అన్నాను.

"దాని అమ్మనమ్మా. మా ఇద్దరి గొంతూ ఒకటేనని అందరూ అనేవాళ్ళు. ఫోనులో అయితే దాని నాన్నే పోల్చుకోలేకపోయేవాడు."

"తను ఎక్కడున్నారు?"

"మీకు చివరి కాగితం పంపింది చూడు, ఆ మరుసటేడు పోయింది. ఎడమవైపు నీరు చేరింది. లోపల అమర్చినదాని చుట్టూ. ఏదో అరుదుగా వచ్చే జబ్బట. తొందరగా వస్తే తీసేసి బాగుచేసేవాళ్ళమన్నారు. ఇది వెళ్ళేసరికి ఒళ్ళంతా పాకింది."

నోటిదాకా వచ్చిన 'సరేనండి, తరవాతది'ని మింగేశాను. జీవితంలో అది మొదటిసారి అనుకుంటాను.

"ఆ తరవాత మీ ఫోను వచ్చింది" అంది ఆవిడ. "నలభై ఒకటో నంబరేనా అని అడిగావు. అవునన్నాను. దాన్ని ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు అప్పటికే ఎవరూ లేరు. బంధువులు ఇంటికొస్తే దాని ఊసు రాకుండా జాగ్రత్తపడతారు. అది ఏ కాగితమైనా జిరాక్సు తీసి దాచుకునేది. తీసి చూస్తే నువ్వు అడిగేవన్నీ అందులో ఉన్నాయి. దాని జవాబులే చదివాను. నేను కల్పించింది ఒక్కటీ లేదు."

"ఆ మూడు కొట్టేసి ఉంది కదండీ. దాన్ని కూడా ఎందుకు చదివారు?"

"అదీ అదే రాసింది కదమ్మా. తీసెయ్యడానికి నేనెవర్ని?"

నేను కాగితాల మీది బరువుని చేతిలోకి తీసుకున్నాను. అది అప్పటికే ఎండకి వెచ్చబడి ఉంది.

"ఎందుకు కొట్టేసిందో మీకు తెలుసా?" అని అడిగాను. అడక్కుండా ఉండవలసింది.

"తెలుసు. పోస్టు చేసేముందు అనుమానమొచ్చి మీ క్లినిక్‌కి ఫోన్ చేసింది. అక్కడెవరో ఒకావిడ, భలే సరదా మనిషట. ఎడమది బరువుగా ఉంటోందక్కా అంటే, ఎడమది బరువెక్కలేదు, కుడిది ఉపవాసం ఉంది అందట. నవ్వీ నవ్వీ వంటింట్లోకొచ్చి నాకు చెప్పింది. అనవసరంగా భయపడ్డానమ్మా అని, నా ముందే కొట్టేసి అయిదు చుట్టింది. ఆ రాత్రి హాయిగా పడుకుంది. ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తోందా?"

నాలుగేళ్ళ కిందట ఏ రోజున, ఏ పని మధ్యలో అన్నానో నాకు ఏమాత్రం గుర్తులేదు. అందరికీ అన్నట్టే ఆ పిల్లకీ అని ఉంటాను. నవ్వింది కదా అని తృప్తిపడి ఫోన్ పెట్టేసి ఉంటాను.

"చేస్తోందండీ" అన్నాను. "నేనే."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"దాన్ని చివరిసారి అంతగా నవ్వించింది నువ్వేనమ్మా" అంది ఆవిడ. అది దెబ్బో, దీవెనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. "నువ్వు ఏడాదికోసారి అందర్నీ అడుగుతావు. నిన్నెవరడుగుతారు?"

"నన్నా?"

"నీ గొంతు బాగాలేదు. నీకూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే నా దగ్గర కాగితం ఉంది. కూర్చో."

కాగితం మొదటి పేజీకి తిప్పిన చప్పుడు వచ్చింది. చదవడం మొదలుపెట్టగానే ఆ గొంతు మళ్ళీ ముప్ఫైకి దిగిపోయింది. నెమ్మదిగా, శుభ్రంగా, నా ఫోనులోంచి నా ప్రశ్నలు నాకు వస్తున్నాయి.

"బట్టల్లో ఎలా ఉన్నాయనిపిస్తోంది?"

"అయిదు."

"సరేనండి, తరవాతది. అద్దంలో?"

"నాలుగు."

నేనెన్ని వందలసార్లు అన్నానో ఆ 'సరేనండి, తరవాతది' అన్నది. బయటినుంచి వింటే అందులో మనిషనేది ఉండదని అప్పుడు తెలిసింది. అయిదో ప్రశ్నకి ఎండ బల్ల దాటింది. ఎనిమిదోది వచ్చింది.

"ఇవి మీ ఒంట్లో భాగంలాగే అనిపిస్తున్నాయా?"

చేతిలో ఉన్న గుండ్రటిదాని వైపు చూశాను. అది సరిగ్గా నా ఒంటివేడికి వచ్చేసింది. చెయ్యి ఎక్కడ ఆగిందో, అది ఎక్కడ మొదలైందో కళ్ళు మూసుకుంటే తెలియడం లేదు. "నాలుగు" అని చెప్పి దాన్ని కింద పెట్టేశాను.

కాగితం తిరిగింది. రెండో పేజీ.

"ఎడమ, కుడి రెండూ ఒక్కలాగే అనిపిస్తున్నాయా?"

"మూడు" అన్నాను. ఆగాను. నా నాలుక మీద 'కాదులెండి' సిద్ధంగా ఉంది. దాని వెనక ఒక జోకు కూడా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. రెండు సెకన్లు గడిచాయి. ఆ రెండు సెకన్లూ ఎలాంటివో నాకు ముందే తెలుసు, ఆ పొద్దున్నే నాలుగుసార్లు విన్నాను.

"రెండు" అన్నాను. "ఎడమది బరువుగా ఉంటోంది. రెండు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు."

తరవాత ఆ ముప్ఫై ఏళ్ళ గొంతే అంది:

"కొట్టెయ్యకండి అక్కా."

ఆవిడ తనెవరో చెప్పినప్పటినుంచీ నన్ను అమ్మా అనే పిలిచింది. అక్కా అన్నది అదొక్కసారే. నేనేదో అడగబోయేలోపు పెద్దావిడ గొంతు దగ్గి, "మిగతావి ఎందుకులేమ్మా, ఫోన్ పెట్టేసి లేచి వెళ్ళు" అంది.

పదడుగులు. వేశాను.

డాక్టరమ్మ గదిలో గోడమీద పెద్ద అక్షరాలతో తొంభై నాలుగు శాతం సంతృప్తి అని పటం ఉంది. దాని కిందే పడుకోబెట్టింది. స్కానింగు తెరమీద ఎడమవైపు, తెల్లగా ఉండవలసిన గీత చుట్టూ నల్లటి అంచు కనిపించింది. ఆవిడ ఆ నలుపునే అటూ ఇటూ కొలిచింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు."

"పక్క గదిలో కూర్చుని రెండు నెలలా?"

"అంచులో ఉంది కదండీ, లెక్కకి రాదనుకున్నాను."

ఆవిడ నవ్వలేదు. నేనూ అది నవ్వడానికి అనలేదు. సూది పెట్టి నీరు తీశారు. సన్నటి సీసాలో పసుపుపచ్చగా ఉంది. సిస్టరు దానిమీద పదిహేడు అని రాసింది. దాన్ని చూస్తూ నేను పూర్తిగా నీరుగారిపోయాను. మా ఆయనకి ఫోన్ చేసి చెబితే, ఆయన ఏ జోకూ కోసం ఎదురుచూడకుండా "వస్తున్నా" అన్నాడు.

రిపోర్టు పదోరోజున వచ్చింది. ఉంది. ఆ పిల్లకి వచ్చిందే. కాకపోతే నీటిలోనూ, ఇంప్లాంటు చుట్టూ కట్టిన పొరలోనూ తప్ప ఇంకెక్కడికీ పోలేదు. రెండువైపులా ఇంప్లాంట్లూ, ఆ పొరా తీసేశారు. ఇప్పుడు మళ్ళీ నా ఎద మొదటికొచ్చింది. మా చెల్లెలు చూడ్డానికొచ్చి ఏమనాలో తెలియక నిలబడితే, "ఎదుగూ బొదుగూ లేదే" అన్నాను. అది ఏడుస్తూ నవ్వింది. ఆ వారం నేనన్న జోకు అదొక్కటే.

పనిలో చేరిన రోజు సగటాయన నా గదికి వచ్చాడు. కాపీ చేసి ముందుకి తోసిన ఆ పదకొండుమంది ఇళ్ళకీ ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టి రావాలని డాక్టరమ్మ ఆజ్ఞ. పటం గోడమీదినుంచి దించేశారు. ఆయన కాస్త సన్నబడినట్టు కనిపించాడు.

"ఇది వినమ్మా" అని కంప్యూటరులో రికార్డింగ్‌ని తను ఎప్పుడూ వినే అంకెల దగ్గరినుంచి పెట్టాడు. "నలభై ఒకటిది. అర్థం కావడంలేదు."

ఆ మధ్యాహ్నం కాల్ అది. లైను నలభై ఒకటో వరసమీదే తెరిచి ఉంది కదా, మొత్తం ఎక్కేసింది. ముప్ఫై ఏళ్ళ గొంతు నెమ్మదిగా ప్రశ్నలడుగుతోంది. నా గొంతు అంకెలు చెబుతోంది. పదిహేడంటూ, నలభై ఒకటంటూ ఏమీ తెలియని ఆ కంప్యూటరు తన పని తాను చేసుకుపోయింది.

"ఇందులో పేషెంటు ఎవరు?" అన్నాడు సగటాయన. "అడుగుతున్నదా, చెబుతున్నదా?"

తెరమీద నలభై ఒకటో వరస కనిపిస్తోంది. తొమ్మిదో ప్రశ్న కింద ఏడో ఏడు అయిదు, ఎనిమిదో ఏడు అయిదు, తొమ్మిదో ఏడు అయిదు.

పదో ఏడు గడిలో ఆ పొద్దున పడిన అయిదు లేదు, మూడు కొట్టేసి ఉంది. పక్కన రెండు.

"తప్పు పడింది, సరిచెయ్యనా?" అని ఆయన మౌస్ మీద చెయ్యి వేశాడు.

"కొట్టెయ్యకండి" అన్నాను.

స్పీకరులోంచి ఆ గొంతు కూడా సరిగ్గా అప్పుడే ఆ మాట అంది. సగటాయన చెయ్యి తీసేశాడు.